పేరుచేప

ఆశ్వయుజ బహుళ విదియ

నీళ్ళు పచ్చగా ఉన్నాయి, కొంచెం నురగ. చచ్చిన చేపలు లేవు.

చేపల సంఘంవాళ్ళు ఈ కాపలా పుస్తకంలో ఈ రెండు ముక్కలు రాస్తే చాలంటారు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకూ అంతకన్నా రాయడం కష్టమే. కానీ ఊరికి ఎగువ చివర ఉన్నది నా తెప్ప. పారే నీళ్ళు ముందు నన్ను తాకి, తర్వాత ఒక్కో ఇంటి కిందనుంచీ దిగువకు పోతాయి. ఏ చెడు వచ్చినా ముందు నా గుమ్మంలోకే రావాలి. అలాంటి చోట కాపలా ఉన్నదానికి రెండు ముక్కలు ఎలా సరిపోతాయి?

పొద్దున్నే మోకులన్నీ తడిమి చూశాను. తెప్ప కింద మూల డ్రమ్ము మోగుతోంది. నీళ్ళు ఎక్కుతున్నాయేమోనని అన్నం సయించలేదు. సాయంత్రం భద్రం వస్తే చూపించాను. వంగి చెవి పెట్టి విన్నాడు.

"ఖాళీ డ్రమ్ము మోగక ఏం చేస్తది అత్తా? మోగట్లేదని నిన్న దిగులుపడ్డావు. ఇవాళ మోగిందనా?"

భద్రం నా తమ్ముడి కొడుకు, నా అల్లుడు కూడా. ఊరి నడిమి తెప్పలో మందుగది అతనిదే. చేపలకు తెగులు రాకుండా ముందే వేసే సూదిమందు అక్కడ తయారుచేస్తాడు. మా అమ్మ కాలంలో తెగులు వచ్చాక పొడి చల్లితే పురుగు చచ్చేదట. ఇప్పుడా పొడికి ఏ పురుగూ చావదు, కాసేపు మగతపడుతుంది, అంతే. అందుకే సూది. రోజంతా ఆ గదిలో ఉండి, పొద్దుగూకేసరికి నా తెప్పకు వస్తాడు. ఇద్దరం తింటాం. తర్వాత అతని కంచంలోంచి ఒక ముద్ద తీసి హైమకు పెడతాడు.

హైమ నా కూతురు. పోయి ఆరేళ్ళు. ఇప్పుడు హైమంటే ఎగువ గూటిలో ఉన్న శీలావతి చేప.

మా ఊళ్ళో మనిషి పోతే పూడ్చడానికి మన్ను లేదు. నేను పుట్టిన ఊరే కొల్లేటి అడుగున ఉంది, నీళ్ళు తేటపడితే వాటర్ ట్యాంకు నెత్తి కనబడుతుంది. అందుకని బూడిద నీళ్ళలో కలిపి, ఒక చేపపిల్లను చిన్న వలగూటిలో విడుస్తాం. అది పేరుచేప, పోయినవాళ్ళ పేరే దానికీను. గూడు తెప్పకు ఎగువవైపునే కడతాం, పోయినవాళ్ళకు మొదటి నీళ్ళు తగలాలని. దానికి వల వేయం, తూకం వేయం, సూది గుచ్చం, మందు పెట్టం. ఇంటి కంచంలోంచి ఒక్క ముద్ద. ఆ ముద్ద మనుషులు తినరు. చేప పోతే మళ్ళీ ఇంకొకటి వేయం. అంతటితో ఆ మనిషి నిజంగా వెళ్ళిపోయినట్టు.

నా హైమ మోచేతి పొడవు పెరిగింది. కంచం అంచు మీద ఉంగరంతో కొడితే పైకి వచ్చి నోరు తెరుస్తుంది. ఇవాళ కూడా తిన్నది. భద్రం మాత్రం దగ్గుతున్నాడు. ఆ మందుల వాసనే అయ్యుంటుంది. మిరియాల కషాయం పెడితే సగం తాగి, మిగతాది నేను చూడనప్పుడు నీళ్ళలో పోశాడు. చూశాను.

ఆశ్వయుజ బహుళ పంచమి

నీళ్ళు చల్లబడ్డాయి. నా గూళ్ళలో పోయినవి లేవు. పక్క తెప్పలో మొదలైంది.

పక్క తెప్ప మరిడమ్మది. నా వయసుదే, వరసకు మరదలు. పొద్దున్నే ఒక చేపను తోకపట్టుకుని నా గుమ్మంలోకి తెచ్చింది. పొట్ట మీద, రెక్కల కింద ఎర్రటి మచ్చలు. ఒకచోట పొలుసు ఊడి పచ్చి కండ కనబడుతోంది.

"నీ కాపలా బ్రహ్మాండంగా ఉంది వదినా. నీ ముందునుంచే నడిచొచ్చి నా ఇంట్లో దూరింది ఇది."

"నాకు చెప్పి పోలేదే మరిడీ."

"నీకు చెప్పేదేంటి, నీ దిగులు చూసి అదే జడుసుకుని నా దగ్గరికొచ్చుంటది."

నాకు నవ్వు రాలేదు.

భద్రం వచ్చి చేపను కోసి చూశాడు. ఎర్రమచ్చల తెగులే, కానీ నిరుడు వేసిన సూది దీన్ని ఆపలేదన్నాడు. పురుగు మొహం మార్చుకుందట. కొత్త మొహం పట్టుకుని కొత్త మందు చెయ్యాలి. పక్క ఊరి మందు తెచ్చుకుందామని మరిడమ్మ అంటే, వాళ్ళ నీళ్ళలో పురుగు వేరు, దానికి చేసిన సూది మన చేపకు పట్టదన్నాడు.

తర్వాత పడవలో ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు. "ఎవరూ పొడి చల్లొద్దు. జబ్బు పడి ప్రాణంతో ఉన్న చేప నాక్కావాలి, ఏ మందూ తగలని చేప. పొడి తగిలితే పురుగు మగతపడుద్ది. పళ్ళెంలో వేసి పెంచుదామంటే లేవదు. అది పెరక్కపోతే మందు లేదు."

అందరం తలూపాం.

ఆశ్వయుజ బహుళ అష్టమి

చచ్చినవి బుట్టలకొద్దీ. లెక్కపెట్టలేదు.

అందరం పొడి చల్లాం. నేనూ చల్లాను. ప్రతి ఇంట్లో మంచం కింద ఒక పాత డబ్బా ఉంది, ఉందని ఎవరూ ఒప్పుకోరు. గూటిలో చేప తిరగబడి తేలుతుంటే చేతులు ఊరుకోవు. నా ఒక్క గూటిలో చల్లితే ఏమవుతుంది, భద్రానికి కావలసిన చేప పక్కవాళ్ళ గూటిలో దొరుకుతుందిలే అనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది. ఎగువ చల్లిన పొడి దిగువకు పారింది. చల్లకుండా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ గూళ్ళకూ తగిలింది.

మందుగదికి వెళ్ళాను. పురుగును పెంచే వెచ్చటి పెట్టెకు కరెంటు చాలదని ఊరంతా ఫ్యాన్లు ఆపుకుని ఉన్నారు. అందులో పళ్ళేలు వరసగా ఉన్నాయి, అన్నీ అద్దంలా తేటగా. ఏమీ మొలవలేదు. భద్రం ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండేది. పళ్ళెం తీసి వెలుతురులో చూసి మళ్ళీ మూత పెట్టాడు.

"పొడి వాసన అన్నిట్లోనూ ఉందత్తా."

విత్తనపు తొట్టిలో పిల్లచేపలు ఇంకా బాగానే ఉన్నాయి, వాటికి వడకట్టిన నీళ్ళు. కార్తీకం దాటేలోపు గూళ్ళలోకి వదలాలి, తొట్టిలో ఇక చోటు చాలదు. సూది లేకుండా వదిలితే అవీ పోతాయి. అవి పోతే వచ్చే ఏడు ఊరికి తిండి లేదు. తిండి లేని తెప్పల ఊరిని గట్టు మీద శిబిరాలకు ఎత్తేస్తారు. దిగువన ఒక ఊరిని అలాగే ఎత్తేశారు. ఖాళీ ఉన్నచోటల్లా తలా ఒక శిబిరానికి పంచారట, అక్కాచెల్లెళ్ళు కూడా ఒకచోట లేరట. ఈ వయసులో నన్ను ఎక్కడికి పంపుతారో. గట్టు మీద పేరుగూళ్ళు కట్టడానికి పారే నీళ్ళుంటాయా? అది ఎవరిని అడగాలో కూడా తెలియదు.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

నీళ్ళు బాగానే ఉన్నాయి. ఇవాళ ఇంకేమీ రాయకూడదనుకున్నాను.

హైమ కుడి రెక్క కింద కందిగింజంత ఎర్రమచ్చ ఉంది.

వెలుతురు నీడేమోనని మూడుసార్లు కంచం మోగించి పిలిచాను. మూడుసార్లూ వచ్చింది, మూడుసార్లూ మచ్చ అక్కడే ఉంది. చీకటి పడకముందే దీపాన్ని ఎప్పుడూ ఉండే కుడి గుంజనుంచి తీసి ఎడమ గుంజకు తగిలించాను, మచ్చ ఉన్నవైపు భద్రానికి కనబడకుండా.

చెబితే ఏం చేస్తాడు? బాధపడతాడు. అది ఒక భయం. ఇంకోటి కూడా ఉంది. మొన్న మరిడమ్మ పప్పు పెట్టమని వచ్చి, నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించింది.

"మీ ఇంట్లో ఉప్పు వేసే అలవాటే లేదు గదా. ఈ చప్పిడి కూడు కోసం ఆ కుర్రోడు రోజూ పడవేసుకుని వస్తన్నాడు చూడు. మా ఆడపడుచు మనవరాలు ఉంది వదినా. ఎన్నాళ్ళని వాడు ఒక చేపకి మొగుడిలా ఉంటాడు?"

తప్పు మాట కాదు. అదే నన్ను పొడిచింది. భద్రం నా తెప్పకు వచ్చేది హైమకు ముద్ద పెట్టడానికి. అది లేకపోతే ఇక్కడికి రావడానికి అతనికి పనేముంది?

సాయంత్రం వచ్చాడు, తిన్నాడు, పెట్టాడు, వెళ్ళాడు. ఏమీ అనలేదు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

ఈ సాయంత్రం నేను కంచాలు కడిగి వచ్చేసరికి దీపం ఎడమ గుంజ మీద కూడా లేదు. తెప్ప అవతలి మూలకు, గూడే కనబడనంత దూరానికి పోయింది. భద్రం గూటి పక్కన చీకట్లో కూర్చుని ఉన్నాడు.

"దీపం ఎందుకు జరిపావురా?"

"గాలికి ఆరిపోతందని."

"గాలి ఆ మూలనుంచే గదా వస్తంది."

నేను పక్కన కూర్చున్నాను.

"ఎప్పుడు చూశావు?"

"నీకంటే ముందే. దశమినాడు. నువ్వు చూడకూడదనుకున్నా. మర్నాడు నువ్వే దీపం మార్చావు."

అతను మందుగదిలో ఖాళీ పళ్ళేలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఊరు మొత్తంలో పొడి తగలని జబ్బుచేప ఎక్కడుందో అతనికి తెలుసు. తెలిసి వచ్చి దానికి అన్నం పెట్టి వెళ్ళాడు. నాకంటే ముందే తెలుసు.

"అందరి ఇళ్ళల్లో పేరుచేపలు ఉన్నాయి గదరా."

"అందరికీ పైన ఒక తెప్ప ఉందత్తా. ఆ పైతెప్పలో చల్లిన పొడి వాళ్ళ పేరుగూళ్ళకూ తగిలింది. నువ్వు చల్లింది కిందకే పోయింది. నీ పైన ఎవరూ లేరు."

"ఇదొక్కటే."

"ఇదొక్కటే."

చేప నీళ్ళలో ఒకసారి మసిలింది. దాని చప్పుడు నాకు తెలుసు.

"దీనిలోంచి ఏం కావాలి నీకు?"

"వెన్నుముల్లును అంటుకుని నల్లగా ఉంటది. పురుగంతా అక్కడ చేరుద్ది. కిడ్నీ."

హైమ రెండు కిడ్నీలూ పాడై పోయింది. రెండేళ్ళు ఉప్పు లేని కూడు తింటూ, వాచిన కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని. ఒకటి నాది తీసుకోమన్నాను, నా ఒంటిది పనికిరాదన్నారు.

"మళ్ళీ అదేనా," అన్నాను.

"వద్దులే అత్తా. నేను అడగలేదు."

"ఎలాగూ పోద్ది గదా, మచ్చ వచ్చాక."

అవునంటే సరిపోయేది. భద్రం నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. "వందలో ఒకటి తట్టుకుంటది. ఇది బలంగానే ఉంది."

ఆ ఒక్కటి ఇదే అయితే అన్న ఆలోచన ఇంకా పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ పోలేదు.

"నొప్పి తెలుస్తుందా దానికి?"

"మత్తునీళ్ళలో ముంచుతాను. తెలవదు."

"నా కూతురికీ అలాగే చెప్పారు ఆసుపత్రిలో."

తల వంచుకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని భుజం మీద చెయ్యి వేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, చిన్నప్పుడు నా చంకలో ఏడ్చినట్టే ఏడ్చాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"ప్రాణంతో ఉండగానే తియ్యాలి. చచ్చాక వేరే పురుగులు ముసురుతయ్యి. ముందు రోజు తిండి పెట్టకూడదు, కడుపు ఖాళీగా ఉండాలి." ఆగాడు. "ఎల్లుండి ఉపాసం ఉంచితే, ఆ మర్నాడు."

ఆశ్వయుజ అమావాస్య

నీళ్ళు నల్లగా. చచ్చినవి కొద్దిగా. దీపాలు ఈ ఏడు ఎవరూ పెట్టలేదు.

కంచం మోగించలేదు. గూటివైపు పోకూడదనే అనుకున్నాను. కానీ పోకపోతే అది ఎలా ఉందో తెలియదు. నా నీడ పడగానే పైకి వచ్చింది. నోరు తెరిచి మూసి, తెరిచి మూసి. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు ఒక్కొక్కటీ పెదాలతో వెతికింది. గుప్పిట మూసుకున్నాను. గుప్పిటను కూడా వెతికింది.

మరిడమ్మకు ఎలా తెలిసిందో, మధ్యాహ్నం చేతులు ఊపుకుంటూ వచ్చింది.

"పేరుచేపను కోసిన ఊరు నిలబడుద్దా వదినా? ఎక్కడన్నా విన్నావా ఇది?"

"నిలబడకపోతే పేరుగూటిలో ఉన్న నీ మొగుణ్ణి ఎక్కడ పెట్టుకుంటావే? శిబిరంలో బిందెలోనా?"

నాతోపాటు గూటి పక్కన కూర్చుని చేపను చూసింది. కాసేపటికి, "నన్ను ఎప్పుడూ అత్తా అని పిలవలేదు నీ కూతురు," అంది. "మరిడీ అనే పిలిచేది, నీలాగే. పొగరుది." కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. ఆమె ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదని తర్వాత తెలిసింది.

భద్రం కూడా తినలేదు.

కార్తీక శుద్ధ పాడ్యమి

పేరుచేపకు వల వేయరు. ఆ మాట తప్పడం నాకూ భద్రానికీ ఇష్టం లేదు. చేత్తో తీయాలి. చేత్తో తీయాలంటే అది పైకి రావాలి. నిన్నంతా తిండి లేక నీరసించి గూటి అడుగున ఉంది, ఎంత వంగినా నా నీడకు రాలేదు.

భద్రం నావైపు చూశాడు.

కంచం తెచ్చాను. అందులో ఏమీ లేదు. అంచు మీద ఉంగరంతో కొట్టాను, రోజూ కొట్టినట్టే.

వచ్చింది. నోరు పూర్తిగా తెరిచి వచ్చింది.

భద్రం రెండు చేతులతో ఎత్తుకున్నాడు. కొట్టుకోలేదు. మత్తునీళ్ళ తొట్టిలో పెట్టేదాకా నా చెయ్యి దాని మీదే ఉంచాను. తర్వాత మందుగది తలుపు వేసుకున్నాడు. నేను బయట మోకు పట్టుకుని నిలబడ్డాను. కంచం ఇంకా నా చేతిలోనే ఉంది.

మిగిలిన ఒంటిని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మా పాత వాటర్ ట్యాంకు దగ్గరికి పడవలో తీసుకెళ్ళి వదిలాం. దారిలో ప్రతి తెప్ప మీదా మనుషులు లేచి నిలబడ్డారు.

కార్తీక శుద్ధ తదియ

పళ్ళెంలో మొలిచింది. భద్రం మూత తీయకుండా చూపించాడు. తెల్లటి చుక్కలు, చద్దన్నం మెతుకుల మీద బూజు పట్టినట్టు.

"ఇదేనత్తా."

ఇంత చిన్నదా అనుకున్నాను. దీన్ని చంపి, నూనెలో కలిపి సూది ఎక్కిస్తాడట. చచ్చిన పురుగునే చూసి పిల్లచేప ఒళ్ళు శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. పెట్టె దగ్గర నిలబడి మొలకెత్తిన చుక్కలన్నిటినీ చూశాను. నా హైమలోంచి వచ్చినవి. కోపం రావాలి. రాలేదు. ఇంకోసారి చూడనిమ్మని అడిగాను.

కార్తీక శుద్ధ ద్వాదశి

సూదులు మొదలుపెట్టి ఇది నాలుగో రోజు. నడిమి తెప్ప మీద ఆడవాళ్ళందరం బల్లకు చుట్టూ కూర్చుంటాం. పిల్లచేపను వెల్లకిలా పట్టుకుంటే భద్రం నేర్పినవాళ్ళు పొట్టలో గుచ్చుతారు. నా పని పట్టుకోవడం. గట్టిగా పడితే నలుగుతుందని భయం, వదులుగా పడితే జారుతుందని భయం. ఒక్కోదానికి "అయిపోయింది, అయిపోయింది" అంటున్నాను.

"అన్నిటికీ లాలిపాట పాడుతా కూర్చుంటే కార్తీకం దాటిపోద్ది వదినా," అంది మరిడమ్మ.

వంట ఈ రోజుల్లో అందరికీ మరిడమ్మే చేస్తోంది. ఉప్పూ కారం దండిగా. మొదటి రోజు నాలుక మండింది, తర్వాత అలవాటైంది. భద్రం కూడా అక్కడే తింటున్నాడు. నా తెప్పకు రావడం లేదు. పని ఉంది, నిజమే. పని అయిపోయాక సంగతి నేను అడగలేదు. ఎగువన ఖాళీ గూడు అలాగే ఉంది, మోకు విప్పడానికి చేతులు రావడం లేదు.

కార్తీక బహుళ నవమి

నీళ్ళు పచ్చగా ఉన్నాయి. చచ్చినవి లేవు.

పిల్లచేపలను గూళ్ళలోకి వదిలి వారమైంది. తెగులు నీళ్ళలోకే వదిలాం. ఒక్కటీ చచ్చి తేలలేదు. సూది పట్టిందని భద్రం సంఘానికి కబురు పంపాడు. శిబిరాల పడవ ఈ వైపు రాదట.

నిన్న సాయంత్రం అన్నం ఇద్దరికి వండాను. రాలేదు. ఇవాళ ఒక్కదానికే వండుదామని బియ్యం తీసి, మళ్ళీ ఇంకో గుప్పెడు పోశాను. పొద్దుగూకాక పడవ చప్పుడు వినబడింది. దిగుతూ మూల డ్రమ్మును కాలితో తన్ని, "మోగుతుందిలే," అన్నాడు.

తిన్నాం. మరిడమ్మ ఆడపడుచు మనవరాలి మాట ఎత్తుదామనుకున్నాను, ఎత్తాలి కూడా. నోరు రాలేదు.

అతని కంచం అంచున ఒక ముద్ద మిగిలి ఉంది. తెలియకుండానే పక్కకు పెట్టాడు. ఇద్దరం దాన్నే చూశాం. ముద్ద చేత్తో పట్టుకుని లేచి ఎగువవైపుకు నడిచాడు. గూటి దగ్గర వంగి, కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత వెనక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు, ముద్ద ఏం చెయ్యాలో తెలియక.

నేను చెయ్యి చాపాను.

"తినకూడదంటారు గదత్తా."

"ఇటియ్యి."

సగం తిన్నాను. సగం అతనికి పెట్టాను. ఇన్నాళ్ళు మరిడమ్మ వంట తిన్న నాలుకకు అప్పుడు తెలిసింది, ఉప్పు లేదు. హైమకు డాక్టర్లు ఉప్పు వద్దన్న రోజునుంచీ ఈ పొయ్యి మీద దేనిలోనూ ఉప్పు వెయ్యలేదు నేను. అది పోయాక కూడా.

"ఆరేళ్ళుగా ఇదే తింటున్నావురా? ఒక్కసారన్నా చెప్పలేదే?"

"నువ్వూ ఇదేగా తింటన్నావు."

"రేపు ఉప్పు వేస్తాను."

రెండు కంచాలూ తీసుకుని తెప్ప అంచున కూర్చుని కడిగాడు. అంచు ఎక్కడా మోగకుండా మెల్లగా కడిగాడు.

"ఉప్పు ఇంకొన్నాళ్ళు వద్దులే అత్తా," అన్నాడు.